ఎత్తు చెప్పు యంత్రము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము మన గ్రామములకు మిక్కిలి దూరమైనదిగా మీకు తోచవచ్చును. అమెరికా దేశమున ఫుట్‌బాల్ అను ఆట యొకటి కలదు. ఆ ఆటను బొమ్మల రూపమున తెరపై ఆడించు వీడియో ఆటలు కలవు. ఆ వీడియో ఆటలలో, ఈ క్షణమున ఏ ఎత్తు వేయవలెనో ఆటగానికి మాఱుగా యంత్రమే నిర్ణయించు ఏర్పాటు కలదు. అది ఎట్లు పనిచేయునో, దాని వలన కలుగు లాభమేమో, నష్టమేమో విన్నవించుటయే నా యుద్దేశము.

పిల్లల ఆటతో పెద్దలకు పనియేమి యని మీరడుగవచ్చును. పని కలదు. నేడు కృష్ణా, గుంటూరు, గోదావరి, కరీంనగరు ప్రాంతములలో ఎన్నియో కుటుంబముల బిడ్డలు అమెరికాలో స్థిరపడియున్నారు. అచ్చట పుట్టి పెరుగుచున్న మనుమలు సెలవులకు వచ్చినప్పుడు తాత ప్రక్కన కూర్చుండి ఈ ఆటలను ఆడుచుందురు. తాతకు తెరపై జరుగునది బోధపడదు. ఇది మొదటి కారణము. రెండవది దీనికంటె పెద్దది. మనకు బదులుగా యంత్రము ఆలోచించుట యను సంగతి నేడు ఆటలకే పరిమితమై లేదు. కాని ఈ ఆటలో ఆ సంగతి అద్దమున కొండవలె చిన్నదై, స్పష్టమై కనబడును. ఇచ్చట గ్రహించినచో మఱియొకచోట గ్రహించుట సులభము.

మొదట ఆ ఆట యెట్టిదో చెప్పెదను. మన పల్లెలలో పాఠశాల పిల్లలు కాలితో తన్ను ఫుట్‌బాల్ ఇది కాదు. ఇందులోని బంతి ఒలిచిన కొబ్బరికాయవలె కోలగా ఉండును. దానిని ప్రధానముగా చేతబట్టుకొని పరుగెత్తుదురు, లేదా చేతితో విసరుదురు. ఒక్కొక్క పక్షమున 11 మంది. మైదానము పొడవు 100 గజములు. బంతి పట్టిన పక్షమునకు నాలుగు అవకాశములు ఇత్తురు. ఆ నాలుగింటిలో 10 గజములు ముందుకు సాగినచో మరల నాలుగు అవకాశములు లభించును. సాగనిచో బంతి ఎదిరివారి పాలగును. బంతిని తుదిగీటు దాటించినచో 6 పాయింట్లు. అంత దూరము పోలేనప్పుడు బంతిని కాలితో తన్ని రెండు కంబముల నడుమగా పోనిచ్చినచో 3 పాయింట్లు.

ఈ ఆటలో ఒక విశేషము కలదు. ప్రతి అవకాశమునకు పిమ్మట ఆట ఆగును. వృత్తి ఆటగాండ్ర లీగులో సాధారణముగ 40 సెకనులలోపల తరువాతి యత్నమును ప్రారంభింపవలెను. ఆ విరామములో ఇరుపక్షములవారును తమలో తాము సంకేతములతో మాటాడుకొని, ఎవడెచ్చటికి పోవలెను, ఎవడెవనిని అడ్డవలెను, బంతి ఎవని చేతికి రావలెను అను సంగతులను స్థిరపఱచుకొందురు. ఇట్లు 11 మందికిని పని పంచిపెట్టు ఏర్పాటునే నేనిచ్చట ఎత్తు అనుచున్నాను. ఒక్కొక్క జట్టు గ్రంథమున ఇట్టి ఎత్తులు వందలకొలది ఉండును.

చదరంగమునను ఎత్తులు కలవు గదా యందురేమో. అచ్చట ఒకరు ఎత్తు వేసిన పిమ్మట రెండవవారు దానిని చూచి బదులు వేయుదురు. ఇచ్చట అట్లు కాదు. ఇరువురును ఒకే కాలమున, రహస్యముగా, తమ తమ ఎత్తులను నిశ్చయించుకొందురు. ఆట మొదలైన పిదపనే అవి బయటపడును. కావున దీనికి దగ్గఱి పోలిక చదరంగము కాదు, మన పిల్లలాడు సరి బేసి. ఒకడు గుప్పిట చింతగింజలు పట్టుకొని, సరియా, బేసియా యని అడుగును. రెండవవాడు ఊహింపవలెను. ఈ పోలికను మనసున ఉంచుకొనుడు. ముందు ముందు దీనితో పని కలదు.

ఎత్తును ఎవరు నిర్ణయింపవలెనన్న వివాదము యంత్రములకంటె పాతది. పూర్వము క్వార్టర్‌బ్యాకు అను ఆటగాడు, అనగా బంతిని మొదట చేతికందుకొని జట్టును నడపువాడు, మైదానమున నిలిచి తానే ఎత్తును చెప్పుచుండెను. క్లీవ్‌లాండ్ జట్టు శిక్షకుడైన పాల్ బ్రౌన్ ఈ పద్ధతిని మార్చెను. ఆయన గట్టున నిలిచి, ప్రతి ఎత్తునకును ఒక ఆటగానిని దూతగా లోనికి పంపుచు, తన యాజ్ఞను క్వార్టర్‌బ్యాకునకు అందజేయుచుండెను. 1956లో ఆయన ఇంకొక అడుగు ముందుకు వేసి, క్వార్టర్‌బ్యాకు శిరస్త్రాణములో చిన్న రేడియో నమర్చి మాటాడజూచెను. లీగు అధిపతియైన బెర్ట్ బెల్ ఆ యేడే దానిని నిషేధించెను. తిరిగి 1994లో ఆ రేడియోకు అనుమతి లభించినది. అయినను ఒక నియమము పెట్టిరి: గడువు ముగియుటకు 15 సెకనులు ఉండగనే ఆ రేడియో మూగవోవలెను. ఆపై కంటికి కనబడుదానిని బట్టి ఆటగాడే తన బుద్ధిని వినియోగించుకొనవలెను. ఈ 15 సెకనుల నియమము నాకు మిక్కిలి అర్థవంతమైనదిగా తోచును. చెప్పువానికి కొంత, చేయువానికి కొంత యని హద్దు గీచినట్లున్నది.

బిల్ వాల్ష్ అను మఱియొక శిక్షకుడు కలడు. ఆయన 1979 మొదలు 1988 వఱకు శాన్‌ఫ్రాన్సిస్కో జట్టును నడపి, మూడుసార్లు దేశవిజేతగా చేసినవాడు. ఆయన ఆటకు ముందే, ప్రశాంతముగా కూర్చుండి, మొదటి 15 ఎత్తులను, కొన్ని సమయములందు 25 ఎత్తులను వరుసగా వ్రాసికొనెడివాడు. కోలాహలము నడుమ, గెలుపోటముల ఆవేశములో మనిషి చేయు ఆలోచనకంటె ముందుగా నెమ్మదిగా చేసిన ఆలోచన మేలైనదని ఆయన నమ్మకము. వ్రాసినదానిని గ్రుడ్డిగా అనుసరింపవలెనని కాదు. సందర్భము మాఱినచో ఆయన పట్టికను విడిచి వేఱొక ఎత్తు చెప్పును. పిమ్మట తిరిగి పట్టికకు వచ్చును. ముందుగా వ్రాసిన ప్రణాళికకు ఇదియే మూలరూపము.

ఇక వీడియో ఆటల సంగతి. టెక్మో అను జపాను సంస్థ రచించిన టెక్మో బౌల్ అను ఆట 1989లో ఇండ్లలో ఆడు యంత్రములకు వచ్చినది. అందులో ముందుకు సాగు పక్షమునకు నాలుగే ఎత్తులు. ఎదిరి ఆటగాడు ఆ నాలుగింటిలో ఒకదానిని ఊహించును. ఊహ సరిపోయినచో ఎత్తు ఇంచుమించు మొదటనే భగ్నమగును. ఇది అచ్చముగా మన చింతగింజల ఆటయే. 1991లో వచ్చిన తరువాతి ఆటలో ఎత్తులు ఎనిమిదికి పెరిగినవి.

ఈ ఆటలన్నిటిలో ప్రఖ్యాతమైనది జాన్ మాడెన్ పేర వెలసినది. మాడెన్ 1969 మొదలు 1978 వఱకు ఓక్‌లాండ్ జట్టునకు ప్రధాన శిక్షకుడు, పిమ్మట టెలివిజనులో వ్యాఖ్యాత, 2021లో పరమపదించెను. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అను సంస్థ ఆయన పేర ఆట చేయదలచినప్పుడు, నాటి కంప్యూటరుల శక్తి చాలనందున, పక్షమునకు ఆరేడుగురు ఆటగాండ్రతో సరిపెట్టుదమనిరి. 11 మంది లేనిది ఫుట్‌బాలే కాదని మాడెన్ పట్టుబట్టెను. అందువలన ఆలస్యమై, ఆట 1988లో వెలువడినది. ఆయన దృష్టిలో అది వినోదము మాత్రమే కాదు, ఆట యందలి ఆలోచనను నేర్పు సాధనము. ఆ వరుసలోని ఆటలు నేటికిని ఏటేట వెలువడుచున్నవి.

ఏండ్లు గడచినకొలది ఈ ఆటలలోని ఎత్తుల సంఖ్య వందలకు పెరిగినది. క్రొత్తగా ఆడువాడు ఆ పట్టికను చూచి దిగ్భ్రమ చెందును. కొలదిసేపటిలో ఏది ఎన్నుకొనవలెను? ఈ యిబ్బందిని తీర్చుటకే ఎత్తు చెప్పు యంత్రములు పుట్టినవి. అవి మూడు విధములు.

మొదటి విధము: పెద్దవానిని అడుగుట. మాడెన్ ఆటలలో ఒకప్పుడు ఒక మీట నొక్కినచో, ఇట్టి సమయమున మాడెన్ ఏ ఎత్తును ఎన్నుకొనునో తెర చూపుచుండెను. రెండవ విధము: ముందుగా ప్రణాళిక వ్రాసియుంచుట. 1992లో మొదలైన ఫ్రంట్ పేజ్ స్పోర్ట్స్ ఫుట్‌బాల్ అను వరుస ఆటలలో ఆడువాడు తన ఎత్తులను తానే గీచికొని, ఏ సందర్భమున ఏ తరహా ఎత్తును ఎంత తఱచుగా వాడవలెనో ముందుగా నిర్ణయించి, పిమ్మట చేతులు ముడుచుకొని కూర్చుండవచ్చును. కంప్యూటరే ఇరుపక్షముల ప్రణాళికలను చదివి ఆటను నడపును. 2010లో వచ్చిన మాడెన్ ఆటలో గేమ్‌ఫ్లో అను ఏర్పాటు ఇట్టిదే. ఒక మీటతో యంత్రమే ప్రణాళికను బట్టి ఎత్తును ఎన్నుకొనును. ఆట త్వరగా సాగును. కోరినవాడు ఆ ప్రణాళికను తానే దిద్దుకొనవచ్చును. మూడవ విధము: లోకమును అడుగుట. 2014లో వచ్చిన మాడెన్ ఆటలో, ఇతర ఆటగాండ్రు ఇట్టి సందర్భమున ఎన్నుకొన్న ఎత్తుల లెక్కను బట్టి సలహా లిచ్చు పద్ధతి ప్రవేశించినది.

యంత్రము ఆలోచించుననుటలో కొంత అతిశయోక్తి కలదు. ప్రణాళికను అనుసరించు యంత్రము మూడు పనులు చేయును. మొదట, సందర్భమును గుర్తించును: ఇది ఎన్నవ అవకాశము, ఎన్ని గజములు మిగిలియున్నవి, మైదానమున ఎచ్చట ఉన్నాము, కాలమెంత మిగిలినది, పాయింట్ల తేడా యెంత. రెండవది, పట్టికలో ఆ సందర్భమునకు తగిన వరుసను వెదకును. మూడవది, ఆ వరుసలోని ఎత్తులలో ఒకదానిని పాచిక వేసినట్లు ఎన్నుకొనును. ఉదాహరణకు, మూడవ అవకాశము, 2 గజములు మిగిలినవి. ఆ వరుసలో పరుగు ఎత్తునకు 6 వంతులు, చిన్న విసురునకు 3 వంతులు, దూరపు విసురునకు 1 వంతు అని వ్రాసియున్నదనుకొందము. యంత్రము పది ముఖముల పాచికను దొర్లించినట్లుగా ఒక అంకెను తీసి, దాని ప్రకారము ఎత్తును చెప్పును. ఇంతే. ఇందులో యంత్రపు సొంత తెలివి ఏమియు లేదు. వరుసలను వ్రాసినవాని తెలివియే ఉన్నది.

పాచిక ఏల, ఉత్తమమైన ఎత్తును ఒక్కదానినే వ్రాసియుంచరాదా యని మీరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నలోనే అసలు కిటుకు ఉన్నది. లెక్కకై కొన్ని అంకెలను నేనే కల్పించి చెప్పెదను. ముందుకు సాగు పక్షమునకు పరుగు, విసురు అను రెండే ఎత్తులు ఉన్నవనుకొందము. ఎదిరి పరుగునకు కాచియున్నప్పుడు పరుగెత్తినచో 2 గజములు, విసరినచో 8 గజములు లభించును. ఎదిరి విసురునకు కాచియున్నప్పుడు పరుగెత్తినచో 6 గజములు, విసరినచో 4 గజములు లభించును.

ఎల్లప్పుడు పరుగే తీయువాని నడవడిని ఎదిరి రెండుసార్లలో కనిపెట్టును. వానికి 2 గజములే దక్కును. ఎల్లప్పుడు విసరువానికి 4 గజములు. సరే, ఒకమాఱు పరుగు, ఒకమాఱు విసురు, ఇట్లు మార్చి మార్చి వేసెదనని ఒకడనును. ఎదిరి ఆ వరుసను గ్రహించినచో పరుగు వచ్చువేళ పరుగునకే కాచును, విసురు వచ్చువేళ విసురునకే కాచును. వీనికి ఒకమాఱు 2, ఒకమాఱు 4, సగటున 3 గజములు. ఇప్పుడు వాడే పాచిక వేసి, బేసి పడిన పరుగు, సరి పడిన విసురు అని నియమము పెట్టుకొనుగాక. ఎదిరి పరుగునకు కాచినను 2కును 8కిని సగటు 5 గజములు. విసురునకు కాచినను 6కును 4కును సగటు 5 గజములు. ఎదిరి ఎంత తెలివిగలవాడైనను, ఇతని నియమమును పూర్తిగా ఎఱిగినవాడైనను, దీనిని తగ్గింపజాలడు.

చూచితిరా? రెండు విధములందును పరుగు సగము, విసురు సగమే. వరుస తెలిసిపోయినచో 3 గజములు, తెలియనిచో 5. మూడు యత్నములు చేసి 9 గజములు సాగి ఒక గజము కొఱతతో నిలిచిపోవువాడు ఒకడు. సగటున రెండు యత్నములలోనే 10 గజములు సాగువాడు ఇంకొకడు. అంకెలు మాఱినచో సగము సగము అను పాలు మాఱును గాని, సూత్రము మాఱదు. ఇద్దఱాడు ఇట్టి ఆటలలో, ఒకని లాభము రెండవవానికి నష్టమైనప్పుడు, ఇట్టి మేలైన మిశ్రమము తప్పక ఉండునని హంగరీ దేశమున జన్మించిన జాన్ వాన్ నోయ్‌మన్ అను గణితజ్ఞుడు 1928లో నిరూపించెను. సరి బేసిలో ఆఱితేరిన పిల్లవానికి ఈ సిద్ధాంతము పేరు తెలియదు గాని, ఒకే తీరున గుప్పిట పట్టరాదని మాత్రము తెలియును.

ఇచ్చటనే యంత్రమునకు మనిషిపై ఒక మేలు కలదు. మనిషి చిత్తమునకు తోచినట్లు ఎన్నుకొనుచున్నాననుకొనును. కాని మనస్సున ఏదో ఒక అలవాటు ఉండనే ఉండును. ఒక ఎత్తు ఫలించినచో దానినే తిరిగి వేయగోరును. ఒకటి చెడినచో దాని జోలికి పోడు. ఎదిరి దీనిని కనిపెట్టును. యంత్రమునకు మోజు లేదు, వెఱపు లేదు. అది చెప్పిన పాళ్లను తప్పక పాటించును.

వెఱపు సంగతి వచ్చినది గాన ఇంకొక మాట. 1971లో వర్జిల్ కార్టర్ అను వృత్తి క్వార్టర్‌బ్యాకును, రాబర్ట్ మాకోల్ అను పండితుడును కలిసి, మైదానమున ఏ గజము వద్ద బంతి ఉన్నచో సగటున ఎన్ని పాయింట్ల విలువ యగునో లెక్కకట్టి ప్రకటించిరి. 2006లో డేవిడ్ రోమర్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1998 మొదలు మూడు ఏండ్ల వృత్తి ఆటల మొదటి భాగములను పరిశీలించి, నాలుగవ అవకాశమున శిక్షకులు బంతిని తన్నివేయుటకే మొగ్గుచున్నారనియు, పెక్కు సందర్భములలో ముందుకు సాగుటకు యత్నించుటయే లాభకరమనియు చూపెను. ఏల అట్లు చేయుచుండిరి? నలుగురు చేయు పని చేసి ఓడినవానిని ఎవరును తప్పుపట్టరు; క్రొత్తపని చేసి ఓడినవానిని అందఱును నిందింతురు. ఇది నా తలంపు. ప్రశాంతముగా వ్రాసిన లెక్క ఇట్టి భయమును దాటింపగలదు.

ఇంతవఱకు యంత్రపు గుణములు చెప్పితిని. ఇక దోషములు.

మొదటి దోషము: పట్టికలో లేని సందర్భమును యంత్రము ఎఱుగదు. ఆట తుది నిమిషమనుకొనుడు. మనము 4 పాయింట్లు వెనుకబడియున్నాము. నాలుగవ అవకాశము, కంబములు సమీపముననే ఉన్నవి. పట్టికను వ్రాసినవాడు, కంబములు సమీపమున నున్నప్పుడు నాలుగవ అవకాశమున బంతిని తన్ని 3 పాయింట్లు గైకొనుము అని మాత్రమే వ్రాసి, కాలమును, తేడాను విడిచెననుకొందము. యంత్రము తన్నుమనును. బంతి చక్కగా కంబముల నడుమ పోవును. 3 పాయింట్లు వచ్చును. 1 పాయింటుతో ఓడిపోవుదుము. యంత్రము తన పనిలో ఏమియు తప్పలేదు, చెప్పినట్లే చేసినది. ఐదేండ్ల బాలుడైనను నాలుగింటికి మూడు చాలవని చెప్పగలడు. కాని ఆ బాలుని ఎవరును అడుగలేదు.

రెండవ దోషము: ప్రణాళికకు ఎదిరి ఎవడో తెలియదు. ప్రక్క ఇంటి మిత్రునితో ఆడుచున్నప్పుడు, వాడు కంగారు పడినప్పుడెల్ల దూరపు విసురే వేయునని నీకు తెలియును, పట్టికకు తెలియదు.

మూడవ దోషము అన్నిటికంటె సూక్ష్మమైనది. లోకము చెప్పు సలహా ఎదిరికిని అందుబాటులోనే ఉండును. పదిమంది వేయు ఎత్తు పదిమంది ఎదురుచూచు ఎత్తే గదా. మార్గము తెలియనివాడు పదిమంది నడచిన బాటను పట్టుట వివేకమే. కాని రహస్యమే ప్రాణమైన ఆటలో, తెరపై మొదట కనబడు సలహానే ప్రతిమాఱును గైకొనువాడు, గుప్పిట విప్పి చూపి సరియా బేసియా యని అడుగువానితో సమానుడు.

టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగర సమీపముననున్న మా కుమార్తె ఇంట నేను కొన్నినెలలు ఉంటిని. పండ్రెండేండ్ల నా మనుమడు ఈ ఆటను తన మిత్రునితో ఆడుచుండెను. తెర చూపు మొదటి సలహాను వెంటనే నొక్కుట వానికి అలవాటు. నేనడిగితిని: "నాయనా, ఈ ఎత్తు ఏల?" వాడు, "అదే చెప్పింది తాతయ్యా" అనెను. "అదెవరు?" అంటిని. వానికి జవాబు తోచలేదు. మఱునాడు వానిని కూర్చుండబెట్టి, తెరను ఆపించి, కాగితముపై పది ఎత్తులను వానిచేతనే వ్రాయించితిని. ఒక్కొక్కదాని ప్రక్కన కారణము వ్రాయుమంటిని. మూడింటికి కారణము దొరకక వాడే కొట్టివేసి, వేఱే మూడు వ్రాసెను. పరుగా, విసురా యని ఎటూ తేలని చోట్ల వాడుటకు ఇంటనున్న పాచికను ప్రక్కన పెట్టుకొనెను. నాటి ఆటలో వాడు గెలిచెనని చెప్పను, ఓడెను. కాని ఓడిన పిమ్మట వాడు కాగితమును తీసి, ఆఱవ ఎత్తునొద్ద వ్రేలు పెట్టి, "ఇక్కడ నేను వాడి అలవాటు చూడలేదు తాతయ్యా" అనెను. అంతకుముందు ఓడినప్పుడు వాడు పలికెడి మాట ఒక్కటే: ఆట బాగులేదు.

ఈ తేడాయే నేను మీకు చెప్పదలచిన ముఖ్యాంశము. యంత్రము ఎత్తు చెప్పుట దోషము కాదు. వాల్ష్ పట్టికయు ఒక యంత్రమువంటిదే, కాగితపు యంత్రము. కాని ఆ పట్టికను వ్రాసినవాడును, అమలుపఱచినవాడును, ఫలితమును అనుభవించి మరల దిద్దినవాడును ఒక్కడే. అందువలన ప్రతి ఓటమియు ఆయనకు పాఠమయ్యెను. ఇతరులు వ్రాసిన ప్రణాళికను మీట నొక్కి అనుసరించువానికి గెలుపును తనది కాదు, ఓటమియు తనది కాదు. వాడు వేయి ఆటలు ఆడినను మొదటి ఆటనాడున్న చోటనే ఉండును. నష్టమంతయు ఇందులోనే ఉన్నది.

మన రైతులకు ఈ సంగతి క్రొత్తది కాదు. పంచాంగమున కార్తెలు ఉన్నవి. మృగశిర వచ్చినది, విత్తవచ్చునని అది చెప్పును. అది తరతరముల అనుభవమును కూడబెట్టిన ప్రణాళిక; దానిని తీసివేయువాడు అవివేకి. కాని ఏ రైతును కార్తె పేరు విని నేరుగా విత్తనములు చల్లడు. చేనికి పోయి, మన్ను పిడికిట పట్టి, పదును చూచును; ఆకాశము చూచును; పిమ్మట నిర్ణయించును. పంచాంగము జ్ఞాపకము చేయును, రైతు నిర్ణయించును. క్వార్టర్‌బ్యాకు చెవిలోని రేడియో మూగవోయిన పిమ్మట మిగులు ఆ 15 సెకనులు రైతు చేతిలోని ఆ పిడికెడు మన్నువంటివి.

కావున మీ మనుమలు ఇట్టి ఆటలు ఆడుచున్నప్పుడు కోపింపవలదు, వెలివేయవలదు. ప్రక్కన కూర్చుండుడు. మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ ఎత్తును ఎవరు వ్రాసిరి? వారు ఏయే సందర్భములను తలచి వ్రాసిరి, ఏవి మఱచిరి? నీకు తెలిసిన ఈ సలహా నీ ఎదిరికిని తెలియునా? ఈ మూడింటికి జవాబు చెప్పగల పిల్లవాడు యంత్రమును పనివానిగా వాడుకొనుచున్నాడని తెలిసికొనుడు. చెప్పలేనివానికి కాగితమును, పెన్సిలును ఇచ్చి, మొదటి పది ఎత్తులను కారణములతో వ్రాయుమని చెప్పుడు. ఆట నియమములు మీకు తెలియకున్నను ఈ ప్రశ్నలు అడుగుటకు అడ్డులేదు. నియమములను వాడే మీకు నేర్పును. ప్రశ్నించుటను మీరు వానికి నేర్పుదురు.

రేపు ఆ పిల్లలే పెద్దవారై, పొలమునకును, వ్యాపారమునకును, వైద్యమునకును, న్యాయమునకును సలహా చెప్పు యంత్రముల యెదుట కూర్చుందురు. అచ్చట నాలుగింటికి మూడు చాలునా యని అడుగవలసినవారు వారే. ఆ యలవాటు ఆటలో అబ్బుట మేలు. ఆటలో ఓడినచో పోవునది ఒక సాయంకాలమే గదా.